నమ్మకం కుదరక

పొద్దున డ్యూటీ ఎక్కే ముందు మెరుపక్క ఆడవాళ్ళ వార్డులోకి తొంగి చూసేసరికి వాళ్ళమ్మ మేలుకునే ఉంది. కళ్ళు పైకప్పుకు అతుక్కుపోయినట్టున్నాయి. విరిగిన తుంటి కదలకుండా కాలికి బరువు కట్టి మంచం చివర వేలాడదీశారు. పక్కన స్టూలు మీద మరదలు గోడకు తల ఆనించి కునికిపాట్లు పడుతోంది.

"నిద్ర పట్టిందా అమ్మా?"

"పట్టడానికి అదేమైనా దొంగా? ఇలా రా. మీ మరదలు లేవకముందే నిన్నొక మాట అడగాలి."

మెరుపక్క మంచం మీదికి వంగింది. తల్లి చెయ్యి మంచులా ఉంది. కానీ పట్టు మాత్రం ఉడుంపట్టే.

"ఇవాళ నన్ను లోపలికి తీసుకెళ్తారుగా. నా గుండె బలహీనంగా ఉందని డాక్టరు నిన్న మీ తమ్ముడితో గుసగుసలాడాడు. తుంటి విరిగింది కానీ నాకు చెవుడు రాలేదు."

"ఊరికే ఏదేదో ఊహించుకోకు."

"పోతే పోతాను. ఎప్పటికైనా పోవలసినదాన్నే. పోయాక సంగతి అడుగుతున్నా. ఆ దేవుడి ముందు నిలబెట్టి నీ సంగతేమిటని అడిగితే..." తల్లి గొంతు సన్నబడింది. "నేను చేసింది సరిపోతుందంటావా?"

ఈ మాట ఈ నోటి నుంచి వస్తుందని మెరుపక్క కలలో కూడా అనుకోలేదు.

వాళ్ళమ్మ అంటే మాటలా. క్రైస్తవ సంఘంలో రెండు తరాల పిల్లలకు ఆదివారం బడి చెప్పిన మనిషి. బెత్తం టీచరమ్మ అంటే ఇప్పుడు తాతలైనవాళ్ళు కూడా సర్దుకుని కూర్చుంటారు. తెల్లవారకముందే మోకాళ్ళ మీద పడి ప్రార్థించీ ప్రార్థించీ ఆ మోకాళ్ళు నల్లగా కాయలు కాశాయి. జబ్బుపడ్డ వాళ్ళింటికి వెళ్ళకుండా ఒక్క వారం గడిపి ఎరగదు. ఆమె నేర్పిన మొదటి పాఠం, దేవుడు చూస్తున్నాడు అన్నది. నువ్వు తలుపేసుకున్నా చూస్తాడు, దుప్పటి కప్పుకున్నా చూస్తాడు. ఆ చూపుకు జడిసి మెరుపక్క చిన్నప్పుడు చీకట్లో కూడా జడలు సరిచేసుకునేది.

పెద్దయ్యాక ఆ జడుపు చేతుల్లోకి దిగింది. ఆపరేషన్ సామాను శుభ్రం చేసే గదిలో పనికి చేరాక, ఆమె తోమిన కత్తెరలు చూసి అందరూ మెరుపక్క అని పేరు పెట్టారు. ఆ మెరుపు వెనకున్నది భయమని ఎవరికీ తెలియదు. చర్చి గుడిలో ప్రభువు బల్ల దగ్గర, క్రీస్తు శరీరానికి గుర్తుగా పంచే రొట్టె పళ్ళెం తన ముందుకు వచ్చినప్పుడల్లా ఆమె పక్కవాళ్ళకు అందించేస్తుంది. అయోగ్యంగా తీసుకుంటే దేవుడి తీర్పు తప్పదని అమ్మ చెప్పగా విన్నది. యోగ్యురాలినయ్యాక తీసుకుందాంలే అనుకుంది. ఆ రోజు ఇంతవరకూ రాలేదు.

"నీకెందుకమ్మా ఆ భయం? నిన్న పాస్టరుగారు కూడా అన్నారు కదా, మీలాంటివాళ్ళు పరలోకం వెళ్ళకపోతే ఇంకెవరు వెళ్తారని."

"ఆయన నా మోకాళ్ళు చూశాడు. లోపల ఏముందో ఆయనకేం తెలుసు? అక్కడ మోకరించి కూడా పక్కింటావిడ నన్ను చూస్తోందా లేదా అని చూసేదాన్నే నేను." తల్లి చెయ్యి ఇంకా గట్టిగా బిగిసింది. "నువ్వు చెప్పు. సరిపోతుందా?"

తనకే లేని జవాబును మెరుపక్క ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది? "డ్యూటీ టైమైందమ్మా, మళ్ళీ వస్తా" అని చెయ్యి విడిపించుకుని వచ్చేసింది. వెనక నుంచి పిలుస్తుందేమోనని వార్డు తలుపు దాటేదాకా ఆమె వీపు బిగుసుకునే ఉంది. తల్లి పిలవలేదు.

సామాను గది కింది అంతస్తులో ఉంటుంది. గది అంటారు కానీ అది వరసగా నాలుగు గదులు. మొదటిదాంట్లో నెత్తురంటిన సామాను కడుగుతారు. రెండోదాంట్లో ఆరబెట్టి, ట్రేలో సర్ది, రెండు పొరల గుడ్డ చుట్టి టేపు వేస్తారు. అక్కణ్ణుంచి ఆ మూట ఆవిరి యంత్రంలోకి వెళ్ళి, గోడకు అవతలి వైపు తలుపులోంచి శుభ్రమైన స్టోరులోకి వస్తుంది. టేపు మీద లేత గీతలు యంత్రంలో వేడికి నల్లబడతాయి. నల్లబడితే ఆవిరి పట్టిందని అర్థం. ఒకసారి అలా బయటికొచ్చిన మూటను ఆపరేషన్ గదిలో తప్ప ఎక్కడా విప్పకూడదు. విప్పితే, లోపలిది ఎంత మెరుస్తున్నా, మళ్ళీ మొదటి గదికే. కొత్తగా పనిలో చేరే అమ్మాయిలకు ఈ మాట చెప్పీ చెప్పీ మెరుపక్క నోరు అరిగిపోయింది.

ఆవాళ ఆమెకు స్టోరులో డ్యూటీ పడింది. కడిగే గదిలో బుడగల బాబాయి ఉన్నాడు. సబ్బునీళ్ళలో మోచేతుల దాకా మునిగి, పొద్దస్తమానం జోకులేస్తూ పనిచేస్తాడు కాబట్టి ఆయనకా పేరు. స్టోరుకు వెళ్తుంటే నడవా వైపు అద్దంలోంచి ఆయన ఆమెను చూసి చెయ్యూపాడు. మాట వినబడాలని అద్దం పక్కనున్న చిన్న కంత దగ్గరికి మొహం తెచ్చాడు.

"అమ్మాయ్, మీ అమ్మగారి ట్రే నేనే కడిగా. చిన్నప్పుడు నన్ను ఆవిడ బెత్తంతో కొట్టిన దెబ్బలన్నీ గుర్తు చేసుకుంటూ తోమా. ఇక చూసుకో, సామానుకి చర్మం ఊడొచ్చింది."

ఇంకో రోజైతే నవ్వేదే. ఆవాళ ఆ నవ్వే ఆమెకు కంట్లో నలుసైంది. నవ్వుతూ తోమితే లోపలిదాకా తోముతాడా? తుంటి ఆపరేషన్ ట్రేలో ఎముకను తొలిచే డ్రిల్లు ముక్కలుంటాయి. అవి బోలుగా, సన్న గొట్టాల్లా ఉంటాయి. పోయినసారి ఆపరేషన్ అయినవాళ్ళ ఎముక పొడి లోపల ఇసుమంత మిగిలినా చాలు. అమ్మకు అసలే ఒంట్లో సత్తువ లేదు. చీము పడితే తట్టుకోదు.

కాసేపటికి ఆ ట్రే స్టోరులోకి వచ్చింది. వేడి ఆరాక అల్మరా మీద పెట్టింది. టేపు గీతలు నల్లగా, చక్కగా ఉన్నాయి. అక్కడితో ఆమె పని అయిపోయింది. చెయ్యవలసిందల్లా అది తీసుకెళ్ళడానికి పై నుంచి మనిషి వచ్చేదాకా ఊరుకోవడం.

ఊరుకోలేకపోయింది. మిగతా మూటలు సర్దింది. మళ్ళీ వచ్చి ఆ ట్రే ముందు నిలబడింది. సరిపోతుందా అన్న అమ్మ గొంతు చెవిలో జోరీగలా తిరుగుతోంది. చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. స్టోరులో ఎవరూ లేరు. టేపు అంచును గోటితో మెల్లగా లేపింది. చిరగకుండా వచ్చింది. పై గుడ్డ తీసింది, లోపలి గుడ్డ తీసింది. డ్రిల్లు ముక్క తీసి దీపం వైపు పెట్టి గొట్టంలోంచి చూసింది. శుభ్రంగా ఉంది. నమ్మకం కుదరక దూదికి స్పిరిట్ అద్ది, సన్నని పుల్లతో లోపలికి పోనిచ్చి తుడిచింది. దూది తెల్లగానే బయటికొచ్చింది. ఇంకోటి తుడిచింది. అదీ తెల్లగానే ఉంది. అప్పుడు గానీ ఆమె ప్రాణం కుదుటపడలేదు. అన్నీ యథాప్రకారం సర్ది, గుడ్డలు చుట్టి, అదే టేపును అదే చోట ఒత్తి అతికించింది.

చెయ్యి ఇంకా టేపు మీదే ఉంది. అప్పుడు తెలిసింది ఏం చేసిందో.

మూట విప్పింది తను. స్టోరు గాలిలో, వట్టి చేతులతో. శుభ్రంగా ఉన్నదాన్ని శుభ్రం చేయబోయి పాడుచేసింది. పైకి చూస్తే ఏమీ తేడా లేదు. నల్లని గీతలు నల్లగానే ఉన్నాయి. ఈ ప్రపంచంలో ఏ డాక్టరు వచ్చి చూసినా ఆ మూటకు వంక పెట్టలేడు. అదే ఆమెను ఎక్కువ వణికించింది.

అంతలో ఆపరేషన్ థియేటరు బ్రదరు ట్రాలీ తోసుకుంటూ రానే వచ్చాడు. లోపల డాక్టర్లకు సామాను అందించే కుర్ర నర్సు, ఎప్పుడూ హడావిడే.

"మీ అమ్మగారిదేగా అక్కా? భయపడకండి. మెరుపక్క స్టోరు నుంచి వచ్చిన ట్రే అంటే మా డాక్టరుగారు కళ్ళు మూసుకుని వాడేస్తారు."

ఆమె నోరు తెరిచింది. బ్రదరు ట్రే ఎత్తి ట్రాలీలో పెట్టుకున్నాడు. చక్రాల చప్పుడు నడవా చివరిదాకా వెళ్ళింది. లిఫ్టు తలుపు మూసుకుంది.

ఆమె అల్మరా పట్టుకుని నిలబడింది. చెబితే ఉద్యోగం పోతుంది. ఇన్నాళ్ళ పేరు గంగలో కలుస్తుంది. ఆపరేషన్ ఆగుతుంది. నొప్పితో అమ్మ ఇంకా అలాగే పడి ఉండాలి. డాక్టరు వేరే కేసులోకి వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పటికో. చేతులు కడుక్కునే కదా ముట్టుకున్నాను, స్పిరిట్ కూడా వాడాను కదా, ఏమీ కాదులే. ఇలా ఒకదాని వెనక ఒకటి సాకులు వచ్చి వరసలో నిలబడ్డాయి. దేవుడు చూస్తున్నాడన్న పాత భయం కూడా వచ్చింది. కానీ విచిత్రంగా అది ఆమెను నిజం చెప్పమనలేదు. దాక్కోమంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ భయమే తనను తిన్నగా నడిపిస్తోందని అనుకుంది. ఇప్పుడు చూస్తే, అది ఆమెకు నేర్పింది టేపు తిన్నగా అతికించడం ఒక్కటే.

పైన అమ్మ ఒళ్ళు కోస్తారు. ఆ ట్రే విప్పుతారు.

చెప్పులు కూడా మార్చుకోకుండా మెట్ల మీద పరుగెత్తింది. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు. థియేటరు తలుపు దగ్గర ఎర్ర గీత దాటకూడదు కాబట్టి గీత ఇవతల నిలబడి, "సిస్టర్, సిస్టర్" అని పిలిచింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. థియేటరుకు పెద్దయిన పెద్ద సిస్టరు మాస్కు కిందికి లాగి బయటికొచ్చింది.

"ఏంటమ్మా, ఆయాసపడుతున్నావ్? ఇంకా మీ అమ్మను తీసుకురాలేదుగా."

"ఆ ట్రే వాడకండి సిస్టర్."

"ఏ ట్రే?"

"తుంటి ట్రే. నేను విప్పాను. యంత్రంలోంచి వచ్చాక విప్పాను. టేపు మళ్ళీ అతికించా."

పెద్ద సిస్టరు మొహంలో రంగు మారింది. ఒక్క మాట మాట్లాడకుండా లోపలికెళ్ళి ట్రే తెచ్చింది. ఎవరూ పొరపాటున వాడకుండా ఆమె ముందే టేపును పరపరా చింపేసింది.

"ఎందుకు విప్పావ్?"

"నమ్మకం కుదరక."

"దేని మీద?"

"చేతులు కడుక్కునే ముట్టుకున్నా సిస్టర్. చాలాసార్లు కడుక్కున్నా."

"ఎన్నిసార్లు కడిగినా చెయ్యి చెయ్యేగా." పెద్ద సిస్టరు నిట్టూర్చింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది మెరుపక్కకు. "డాక్టరుగారితో నేను చెప్పుకుంటా. మధ్యాహ్నానికి జరుపుతారు. నీ ఉద్యోగం సంగతి మాత్రం నా చేతిలో లేదు, రేపు పిలుస్తారు. వెళ్ళు."

"ట్రే ఇవ్వండి సిస్టర్, నేనే కిందికి తీసుకెళ్ళి..."

"నువ్వు దీన్ని ముట్టుకోకు." ఆమె ట్రేను వెనక్కు జరుపుకుంది. "కిందివాళ్ళు కడుగుతారు, వాళ్ళు చుడతారు, వాళ్ళే పైకి తెస్తారు. నువ్వు పోయి మీ అమ్మ పక్కన కూర్చో. ఇవాళ నీ పని అదొక్కటే."

వార్డుకు వెళ్ళేసరికి తల్లి మొహం పాలిపోయి ఉంది. ఆపరేషన్ ఆలస్యమవుతుందని అప్పటికే చెప్పారు. వదినను చూడగానే మరదలు లేచింది. "వదినా, అత్తయ్య ఉన్నట్టుండి వణుకుతున్నారు. చలేస్తోందా అంటే కాదంటున్నారు. నన్ను విసుక్కుంటున్నారు."

"నువ్వెళ్ళి టీ తాగి రామ్మా. నేనున్నాగా."

మరదలు వెళ్ళాక మెరుపక్క స్టూలు దగ్గరకు జరుపుకుంది. తల్లి ఆమె వైపు చూడకుండానే అంది, "జవాబు చెప్పకుండా పారిపోయావ్."

"ఇప్పుడు చెబుతా. నువ్వు చేసింది సరిపోదమ్మా."

తల్లి తల గిర్రున తిప్పింది. ఆ కళ్ళలోని భయం చూసి మెరుపక్కకు అన్న మాట వెనక్కు తీసుకుందామా అనిపించింది. తీసుకోలేదు.

"ఏమన్నావ్? ఇన్నేళ్ళు మోకాళ్ళు అరగదీసుకుంటే..."

"నాదీ సరిపోదు. పొద్దున నేనేం చేశానో తెలుసా?" అని ట్రే సంగతి మొదటి నుంచీ చెప్పింది. డ్రిల్లు ముక్కలు, తెల్లటి దూది, టేపు, మెట్లు, పెద్ద సిస్టరు. ఏదీ దాచలేదు. తల్లి వింటూ వింటూ లేవబోయి నొప్పికి మూలిగింది.

"నీకు మతి గానీ పోయిందా? ఉద్యోగం పోతే ఏం తింటావే?"

"అది రేపటి మాట."

"ఇప్పుడా ట్రే ఎవరు చేస్తున్నారు?"

"బుడగల బాబాయి."

"వాడా? వాడికి ఇకిలించడం తప్ప ఏం వచ్చు? కీర్తన చెప్పమంటే వెక్కిళ్ళు పెట్టేవాడు. వెళ్ళి దగ్గరుండి చూసుకోవే."

"వెళ్ళకూడదమ్మా. నేను చెయ్యి పెడితే పాడవుతుంది. ఆయన బాగానే కడిగాడు. పాడుచేసింది నేను."

పక్క మంచం దగ్గర ఎవరో గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"క్రీస్తు సిలువ మీద మనకోసం చేసి ముగించినదాన్ని మనం రోజూ విప్పి చూసుకుంటున్నామమ్మా," అంది మెరుపక్క మెల్లగా. "నమ్మినవాళ్ళను దేవుడు నీతిమంతులుగా తీరుస్తాడని, మన పనులు చూసి కాదని గుడిలో ఎన్నిసార్లు వినలేదు? నువ్వే నాకు కంఠతా పట్టించావు. ఇద్దరం అప్పజెప్పాం. ఇద్దరం నమ్మలేదు. ఆయన చేసిందానికి మనం కూడా ఇంత స్పిరిట్ అద్దితే గానీ మనకు తృప్తి లేదు."

"అంటే నేను చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా?"

"ఎందుకు? నువ్వు అన్నం పెట్టినవాళ్ళ కడుపు నిండింది. నువ్వు పక్కన కూర్చున్నవాళ్ళు ధైర్యంగా కన్నుమూశారు. అవి వాళ్ళకు పనికొచ్చాయి. ఆయన దగ్గరికి వాటిని మోసుకెళ్ళకు, అంతే."

"నువ్వు చెప్పినంత తేలిక కాదే. నాకంత విశ్వాసం కూడా లేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే చీకటే కనిపిస్తోంది. ఇంత భయపడేదాన్ని ఆయన ఎలా ఒప్పుకుంటాడు?"

"నాకూ భయంగానే ఉంది."

"మరి?"

"మరి అంటే ఏం లేదమ్మా. భయంతోనే అడుగు. విశ్వాసం ఎంత ఉందో చూసుకోవడం మొదలుపెడితే అదీ మూట విప్పడమే."

తల్లి కళ్ళు మూసుకుంది. మెరుపక్కకు వాళ్ళమ్మ ప్రార్థన తెలుసు. ఇంటి పునాది నుంచి మొదలై, చుట్టపక్కాలందరినీ చుట్టి, తను పడ్డ కష్టాలను దేవుడికి ఒకసారి గుర్తుచేసి గానీ ఆమేన్ దాకా రాదు. పిల్లలప్పుడు మధ్యలో నిద్రపోతే బెత్తం పడేది. ఇప్పుడు మాత్రం చాలాసేపు ఏమీ వినిపించలేదు. కంటి చివర నుంచి నీళ్ళు జారి చెవిలోకి పోతున్నాయి.

"ప్రభువా," అంది చివరికి. గొంతు ఎవరో చిన్నపిల్ల గొంతులా ఉంది. "నా మొహం చూడకు. నీ కొడుకు క్రీస్తు మొహం చూసి నన్ను ఒప్పుకో."

అంతే. ఆమేన్ అనడం కూడా మరిచిపోయింది.

స్ట్రెచర్ వచ్చినప్పుడు ఆమె వణుకు తగ్గలేదు. మరదలు ఒక చెయ్యి, మెరుపక్క ఒక చెయ్యి పట్టుకుని నడవా పొడుగునా నడిచారు. ఎర్ర గీత దగ్గర ఆగమన్నారు. తల్లి కూతురి చెయ్యి వదలలేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

"భయంగానే ఉందే," అంది.

"ఉండనీ అమ్మా."

"నేను వెళ్తున్నా. మీ తమ్ముణ్ణి అరవొద్దని చెప్పు, వాడికి కంగారెక్కువ." తలుపులు రెండు వైపుల నుంచీ వచ్చి మూసుకున్నాయి.

బయట బెంచీ మీద కూర్చుంది మెరుపక్క. మరదలు గోడ పక్కన నిలబడి ఫోనులో భర్తతో లోగొంతుకతో మాట్లాడుతోంది. ఎంతసేపైందో తెలియదు. లోపల లోహం మీద లోహం పడ్డ చప్పుడు ఒకటి వచ్చింది. ఆ డ్రిల్లు ముక్కల్లోంచి ఎవరైనా మళ్ళీ చూశారో లేదో. తెలుసుకోవడానికి ఇక దారి లేదు. అలవాటు చొప్పున చేతులు జోడించింది. ప్రభువా, అమ్మ బతికి బయటపడితే ఈ నెలంతా ఉపవాసం... అని లోపల మొదలుపెట్టింది. మధ్యలో ఆపేసింది. ఏం ఇచ్చి ఏం కొనబోతోంది తను? జోడించిన చేతులను ఏం చెయ్యాలో తెలియక అలాగే ఒళ్ళో పెట్టుకుంది. అమ్మ ప్రార్థనలో అడిగిన మాటనే తనూ అడుగుదామనుకుంది. తనకోసం ఎప్పుడూ అడగలేదు. పెదవులు కదిలాయి.

థియేటరు తలుపు ఒకటి తెరుచుకుంది. ఆకుపచ్చ గౌనులో ఆమెకు తెలియని ఇంకో బ్రదరు బయటికొచ్చి అటూ ఇటూ చూశాడు. మాస్కు ఇంకా తీయలేదు. కళ్ళను బట్టి ఏమీ తెలియడం లేదు.

"టీచరమ్మ గారి తాలూకు?"

మరదలు ఫోను చేతిలోనే పట్టుకుని బొమ్మలా ఉండిపోయింది. మెరుపక్క లేచింది. అతను ఏ మాట చెప్పినా, అమ్మ ఎవరి మొహం చూపించి లోపలికి వెళ్ళిందో ఆ మొహం మారదు. ఆ ఒక్క సంగతి మీద కాలు మోపి, గోడ పట్టుకోకుండా అతని వైపు నడిచింది.